డెవలపర్లకి ఏ సిస్టమ్‌లో ఎంత యాక్సెస్ ఇవ్వాలి?

తర్వాత చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నని కుదించి రాస్తాను. చెన్నైలోని అంబత్తూరులో ఆటో విడిభాగాల ఫ్యాక్టరీ, గిండీలో ఐటీ ఆఫీసు. కంపెనీ లెక్కలు, సరుకు నడిపే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో పాత ఈసీసీ నుంచి కొత్త ఎస్/4హానాకి మారి ఇంకా కుదురుకుంటున్నారు. మీరు బేసిస్ (ఎస్ఏపీ సిస్టమ్‌ల నిర్వహణ) చూసే మనిషి, సెక్యూరిటీ కూడా మీ నెత్తినే పడింది. షోళింగనల్లూరులో కూర్చున్న వెండర్ డెవలపర్లు డెవ్‌లోనూ (కోడ్ రాసే సిస్టమ్) క్వాలిటీలోనూ (టెస్ట్ చేసే సిస్టమ్) ఎస్ఏపీ-ఆల్, అంటే అన్ని హక్కులూ, అడుగుతున్నారు. అసలు వ్యాపారం నడిచే ప్రొడక్షన్‌లో డీబగ్ ఛేంజ్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి విలువలు మార్చే హక్కు) కూడా కావాలంటున్నారు. మేనేజరేమో ‘ఇచ్చెయ్యవయ్యా, పని ఆగకూడదు’ అంటున్నారు. ఇంకో పక్క ఆడిటర్లు వచ్చే వేళయింది. ‘అన్నా, మంచి రోల్ టెంప్లేట్ ఏదైనా ఉంటే పంపండి’ అని ముగించారు. రోల్ అంటే ఒక మనిషికి ఇచ్చే హక్కుల మూట.

టెంప్లేట్ కోసం నా దాకా రానక్కర్లేదు. డెవలపర్‌కి ఎస్ఏపీ_బీసీ_డీడబ్ల్యూబీ_అబాప్‌డెవలపర్, కోడ్ చూడటానికి మాత్రమే ఎస్ఏపీ_బీసీ_డీడబ్ల్యూబీ_డబ్ల్యూబీడిస్‌ప్లే అని ఎస్ఏపీయే రెడీగా ఇస్తుంది. వాటిని జడ్‌లోకి (మనం సొంతంగా చేసుకునేవాటి పేర్లు జడ్, వైలతో మొదలవుతాయి) కాపీ చేసుకుని మొదలుపెట్టొచ్చు. కానీ ఎవరి టెంప్లేట్ తెచ్చిపెట్టినా వారం తిరక్కుండానే ‘ఇది పనిచేయట్లేదు, అది పనిచేయట్లేదు’ అని ఒక్కొక్కటే కలుపుతూ పోతారు, చివరికి ఎస్ఏపీ-ఆల్‌కి ఓ రెండు అడుగుల దూరంలో తేలతారు.

నేనైతే ఇలా ఇస్తాను. డెవ్‌లో ధారాళంగా, కానీ ఎస్ఏపీ-ఆల్ కాదు. క్వాలిటీలో చూడటానికీ టెస్ట్ చేయడానికీ మాత్రమే. ప్రొడక్షన్‌లో ఇద్దరు ముగ్గురు సీనియర్లకి చూసే హక్కు ఉంటే చాలు, మార్చే హక్కు ఎవరి సొంత ఐడీలోనూ ఉండకూడదు. డీబగ్ ఛేంజ్ అయితే అడిగింది ఎవరైనా సరే కుదరదు.

ఇందులో కొత్తదేమీ లేదు. పని పూర్తి కావడానికి ఎంత హక్కు అవసరమో అంతే ఇవ్వాలని కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, ష్రోడర్ 1975లోనే రాశారు. చిక్కంతా ఆ ‘ఎంత’ తేల్చడంలో ఉంది. డెవలపర్‌ని అడిగితే అతనికి తెలిసిన టీకోడ్ (ఎస్ఏపీలో ఒక స్క్రీన్‌ని తెరిచే చిన్న కోడ్) పేరు చెబుతాడు, అది అతని అవసరం అయి ఉండాలని లేదు. అందుకే ‘ఏ టీకోడ్ కావాలి?’ అని ఎప్పుడూ అడగను. ‘ఏ పని ఆగింది?’ అని అడుగుతాను. ప్రొడక్షన్‌లో టేబుల్స్ చూపించే ఎస్ఈ16ఎన్ కావాలన్నవాడిని కాస్త కదిపితే, నిన్న వచ్చిన ఐడాక్ (వేరే సిస్టమ్ నుంచి వచ్చే ఎలక్ట్రానిక్ పత్రం) పోస్ట్ అయిందో లేదో చూసుకోవాలని తేలుతుంది. దానికి ఐడాక్‌లు చూపే డబ్ల్యూఈ02 చాలు. ఎస్ఎం37లో అన్ని జాబ్‌ల (వెనకాల వాటంతటవే నడిచే పనుల) మీదా అధికారం కావాలన్నవాడికి తన జాబ్ లాగ్ కనిపిస్తే చాలు. డీబగ్ ఛేంజ్ అడిగేవాళ్లలో ఎక్కువమంది బాధ క్వాలిటీలో సరైన డేటా లేకపోవడమే. ప్రొడక్షన్‌లో వచ్చిన తప్పు అక్కడ మళ్లీ రాదు, అందుకని నేరుగా ప్రొడక్షన్‌లోకే వస్తామంటారు. అలాంటప్పుడు క్వాలిటీ డేటా బాగుచేయకుండా యాక్సెస్ మీద వాదిస్తూ కూర్చుంటే ఆ వాదన ఎప్పటికీ తెగదు.

డీబగ్ సంగతి కాస్త వివరంగా చెబుతాను. మీ మేనేజర్‌కి అర్థం కావలసింది ఇదే. కోడ్ మీది హక్కుల్ని తేల్చే ఎస్_డెవలప్ అనే ఆథరైజేషన్ ఆబ్జెక్ట్‌లో ఐదు ఫీల్డులుంటాయి. అందులో ఆబ్జెక్ట్ టైప్ ‘డీబగ్’ పెట్టి యాక్టివిటీ 03 ఇస్తే నడుస్తున్న ప్రోగ్రామ్‌ని ఆపి చూడొచ్చు. 02 ఇస్తే అందులోని వేరియబుల్ విలువలు మార్చొచ్చు. ఇప్పుడు ఎస్ఏపీలో అనుమతి తనిఖీ ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. కోడ్‌లో అథారిటీ-చెక్ అని ఒక వాక్యం ఉంటుంది, దాని ఫలితం సై-సబ్‌ఆర్‌సీ అనే వేరియబుల్‌లో పడుతుంది. సున్నా అయితే లోపలికి, కాకపోతే ‘మీకు అనుమతి లేదు’ అని మెసేజ్. 02 ఉన్న మనిషి ఆ రెండు వాక్యాల మధ్య ఆగి సై-సబ్‌ఆర్‌సీని సున్నా చేసేయగలడు. అంటే ఆ ఒక్క 02 ఇచ్చాక ఆ మనిషి రోల్‌లో మీరు ఇంకేం రాశారు, ఏం కత్తిరించారు అన్నదానికి విలువే ఉండదు. టేబుల్ చూడటానికి మాత్రమే ఇచ్చిన ఎస్ఈ16ఎన్‌ని కూడా డీబగ్గర్‌లో ఒకటి రెండు వేరియబుల్స్ మార్చి ఎడిట్ మోడ్‌లోకి తెచ్చే ఉపాయం ఈ ఫీల్డ్‌లో అందరికీ తెలిసిందే. ‘అన్నీ లాగ్ అవుతాయి కదా’ అంటారు. నిజమే, డీబగ్గర్‌లో విలువ మారిస్తే ఎస్ఎం21 సిస్టమ్ లాగ్‌లో పడుతుంది, ఎస్ఈ16ఎన్ మార్పులు ఎస్ఈ16ఎన్_సీడీ_కీ, ఎస్ఈ16ఎన్_సీడీ_డేటా టేబుల్స్‌లో పడతాయి. కానీ సిస్టమ్ లాగ్ ఫైల్ నిండితే పాత ఎంట్రీలు పోతాయి. అంతకన్నా ముందు, దాన్ని రోజూ తెరిచి చదివేవారు మీ ఆఫీసులో ఎవరైనా ఉన్నారా?

దొంగతనం భయంతోనే ఇదంతా చెప్పడం లేదు. నేను చూసిన చోట్ల డీబగ్ ఛేంజ్‌తో నష్టం చేసినవాళ్లు అందరూ మంచి ఉద్దేశంతోనే చేశారు. ఒక తయారీ కంపెనీలో నెలాఖరున సరుకు రిసీట్ ఒకటి పోస్ట్ కాలేదు. లారీ గేటు దగ్గర నిలబడి ఉంది. డెవలపర్ ఒక చెక్‌ని డీబగ్‌లో దాటించాడు. మెటీరియల్ డాక్యుమెంట్ పడింది, దానికి సరిపడే అకౌంటింగ్ ఎంట్రీ పడలేదు. స్టాక్‌కీ జీఎల్‌కీ (జనరల్ లెడ్జర్‌కీ) తేడా వచ్చిందని ఫైనాన్స్ వాళ్లు కనిపెట్టేసరికి ఆ కుర్రాడు వేరే ప్రాజెక్ట్‌కి వెళ్లిపోయాడు. ఆ చెక్ అక్కడ ఎందుకుందో అడిగి ఉంటే కన్ఫిగరేషన్‌లో ఒక అకౌంట్ నిర్ణయం మిగిలిపోయిందని అప్పుడే తెలిసేది.

03 కూడా అంత అమాయకమైనదేం కాదు. ఆపిన ప్రోగ్రామ్‌లో జీతాలున్నా, వెండర్ బ్యాంకు ఖాతాలున్నా కనిపిస్తాయి. ఒక డీబగ్ సెషన్ సర్వర్‌లో అందరి పనీ చేసే వర్క్ ప్రాసెస్‌లలో ఒకదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. అప్‌డేట్ చేస్తున్న ప్రోగ్రామ్‌ని మధ్యలో ఆపితే డేటాబేస్ కమిట్ అడ్డదిడ్డంగా పడే ప్రమాదమూ ఉంది. అందుకే ఇద్దరు ముగ్గురికి అన్నాను, టీమ్ మొత్తానికి కాదు. హెచ్ఆర్ అదే సిస్టమ్‌లో ఉంటే ఆ ఇద్దరికీ కూడా ఫైర్‌ఫైటర్ (అత్యవసరానికి మాత్రమే తెరిచే ఐడీ, కింద చెబుతాను) దారిలోనే ఇస్తాను.

మీ ఎస్/4హానా గురించి ఇంకొక్క మాట. ఈసీసీ రోజుల్లో డెవలపర్ కీ అని ఇంకో అడ్డు ఉండేది, కీ లేకపోతే ఎస్_డెవలప్ ఉన్నా కోడ్ మార్చలేకపోయేవాళ్లు. ఎస్/4హానాలో 1511 వెర్షన్ నుంచీ ఆ కీ తీసేశారు. పాత రోల్స్‌ని ఉన్నవి ఉన్నట్టు తీసుకొచ్చి ఉంటే, ‘కీ లేదులే’ అన్న ధీమాతో అప్పట్లో వదిలేసిన ఎస్_డెవలప్ స్టార్‌లు (స్టార్ అంటే అన్నింటికీ అనుమతి) ఇప్పుడు నిజంగానే పనిచేస్తుంటాయి. వెతకండి, తప్పకుండా దొరుకుతాయి.

ఎస్‌సీసీ4లో ప్రొడక్షన్ క్లయింట్ (సిస్టమ్ లోపల డేటాని విడిగా ఉంచే విభాగం) మూసి, ఎస్ఈ06లో సిస్టమ్‌ని ‘నాట్ మాడిఫయబుల్’ చేసి ఉంటే కోడ్ అక్కడ నేరుగా మార్చలేరు. అయితే ఎస్ఏపీ-ఆల్ ఉన్నవాడు ఆ రెండింటినీ తానే తెరిచి, పని కానిచ్చి, మళ్లీ మూసేయగలడు. ఆడిటర్ ఎస్‌సీసీ4 ఎప్పుడెప్పుడు తెరిచారో చరిత్ర అడుగుతాడు. టేబుల్ మార్పుల్ని రికార్డు చేయించే రెక్/క్లయింట్ పారామీటర్ పెట్టకపోతే ఎస్‌సీయూ3లో చూపించడానికి ఏమీ ఉండదు, అదే ఇంకో అబ్జర్వేషన్ అవుతుంది. ముందు అది సరిచూసుకోండి.

కోడ్ మార్చలేకపోయినా దొడ్డిదారులు చాలానే ఉన్నాయి. ఎస్ఈ37లో ఫంక్షన్ మాడ్యూల్‌ని (విడిగా పిలవగలిగే కోడ్ ముక్కని) టెస్ట్ రన్ చేయొచ్చు. ఎస్_డెవలప్‌లో ఫంక్షన్ గ్రూపుకి యాక్టివిటీ 16 ఉంటే చాలు, లోపల చెక్ లేని మాడ్యూల్ ఏదైనా నడుస్తుంది. ‘చూడటానికే’ అని ఇచ్చిన రోల్‌లో ఈ 16 దూరి ఉండటం చాలాసార్లు చూశాను. ప్రోగ్రామ్‌లు నడిపే ఎస్ఏ38 కూడా ఇంతే. ఆథరైజేషన్ గ్రూపు పెట్టని ప్రోగ్రామ్‌ని పేరు తెలిసినవాడెవడైనా నడపగలడు. అందుకే ప్రొడక్షన్‌లో ఎస్ఏ38 ఎవరికీ ఇవ్వను, రిపోర్ట్‌కొక జడ్ టీకోడ్ పెట్టిస్తాను. డెవలపర్లు విసుక్కుంటారు, పోనీండి. టేబుల్స్‌కి ఎస్_టాబు_డిస్‌లో గ్రూపుల లెక్కన ఇచ్చేకన్నా ఎస్_టాబు_నామ్‌లో పేరు పేరునా ఇవ్వడం మేలు. గ్రూపు కేటాయించని టేబుల్స్ అన్నీ ఒకే బుట్టలో పడతాయి, మీ జడ్ టేబుల్స్‌లో చాలావరకు అందులోనే ఉంటాయి.

అన్నింటికన్నా తక్కువమంది గమనించేది ఎస్_బీటీసీహెచ్_నామ్. జాబ్ ఏ యూజర్ పేరు మీద నడవాలో ఎంచుకునే హక్కు అది. అందులో స్టార్ ఉంటే డెవలపర్ తన జాబ్‌ని బ్యాచ్ యూజర్ పేరు మీద పెట్టుకుంటాడు. మీ బ్యాచ్ యూజర్‌కి ఎస్ఏపీ-ఆల్ ఉందా లేదా? ఉండే ఉంటుంది.

ఇక డెవ్. ‘డెవ్ కదా, అక్కడ ఏముంది పోవడానికి’ అన్నదే మీ వాళ్ల వాదన అయి ఉంటుంది. ఇక్కడే నా అభిప్రాయం చాలామందితో కలవదు. ప్రొడక్షన్‌లోకి అసలు దారి డెవ్ నుంచే మొదలవుతుంది. అక్కడ రాసిన కోడ్ నాలుగు రోజుల్లో ట్రాన్స్‌పోర్ట్‌లో (మార్పుల్ని ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి మోసే మూట) ప్రొడక్షన్‌కి వెళ్తుంది, అక్కడ ఎవరో పెద్ద హక్కులున్న యూజర్ దాన్ని నడుపుతాడు. కాబట్టి ప్రొడక్షన్ రోల్‌ని ఎంత బిగించినా, రాసినవాడే రిలీజ్ చేసి, రిలీజ్ చేసినవాడే ఇంపోర్ట్ చేస్తుంటే ఆ బిగింపుకి అర్థం లేదు. ఎస్_ట్రాన్స్‌పీఆర్‌టీలో డెవలపర్‌కి తన టాస్క్ రిలీజ్ చేసే హక్కు ఇవ్వండి, రిక్వెస్ట్ రిలీజ్ లీడ్ దగ్గర పెట్టండి. ఇంపోర్ట్ మీ బేసిస్ చేతిలో ఉండాలి. లీడ్ రిలీజ్ చేసేముందు కోడ్ తెరిచి చూడాలి, కనీసం కోడ్‌లో తప్పులు పట్టే ఏటీసీ చెక్ నడిపి ఫలితం జతచేయాలి. ఊరికే నొక్కే లీడ్ ఉంటే ఉన్నట్టా లేనట్టా అంటే... ఆడిట్ కాగితం వరకు ఉన్నట్టే.

డెవ్‌లో ఎస్ఏపీ-ఆల్ ఎందుకు వద్దంటే, దానితో కోడ్‌కి సంబంధం లేని పెత్తనాలు కూడా వస్తాయి. యూజర్లని చేసే ఎస్‌యూ01, రోల్స్ రాసే పీఎఫ్‌సీజీ వస్తాయి, అంటే తన రోల్ తానే రాసుకోవచ్చు. ఎస్ఎం49, ఎస్ఎం69 వస్తాయి, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ కమాండ్లు. మీ మూడు సిస్టమ్‌లూ ఒకే ట్రాన్స్‌పోర్ట్ డైరెక్టరీని పంచుకుంటుంటే, చాలాచోట్ల పంచుకుంటాయి, డెవ్ నుంచి ఆ ఫైళ్ల మీద చేయిపడే వీలుంది. ఎస్ఎం59 కూడా వస్తుంది. దీని గురించి విడిగా చెప్పాలి. పాతకాలంలో ఎవరో డెవ్ నుంచి ప్రొడక్షన్‌కి ఆర్ఎఫ్‌సీ డెస్టినేషన్ (ఒక సిస్టమ్ ఇంకోదాన్ని పిలిచే కనెక్షన్, ఎస్ఎం59లో ఉంటుంది) పెట్టి, అందులో యూజర్, పాస్‌వర్డ్ దాచి వెళ్లిపోయి ఉంటారు. ఆ యూజర్ డైలాగ్ టైప్ (మనుషులు స్క్రీన్‌లోకి లాగిన్ అయ్యే రకం) అయితే ‘రిమోట్ లాగాన్’ నొక్కగానే ప్రొడక్షన్ స్క్రీన్ తెరుచుకుంటుంది, పాస్‌వర్డ్ అడగదు. అక్కడ ఆ డెవలపర్‌కి సొంత ఐడీ లేకపోయినా సరే. చిన్న కంపెనీ అయినా పెద్ద కంపెనీ అయినా నేను మొదట తెరిచేది ఈ లిస్టే.

అలాగే ఒకే సిస్టమ్‌లో 100 డెవలప్‌మెంట్ క్లయింట్, 200 టెస్ట్ క్లయింట్ పెట్టి ‘వేరు చేశాం’ అనుకోవద్దు. అబాప్ (ఎస్ఏపీ ప్రోగ్రామింగ్ భాష) రాయగలిగినవాడు 100లో కూర్చుని 200లోని డేటాని చదివే కోడ్ రాయగలడు, మార్చే కోడ్ కూడా రాయగలడు. క్లయింట్ గీత బిజినెస్ యూజర్లకి అడ్డు, డెవలపర్‌కి కాదు. అసలు డేటా ఏదీ డెవ్ సిస్టమ్‌లోని ఏ క్లయింట్‌లోనూ ఉండకూడదని నేను అనేది అందుకే.

మరి డెవ్‌లో ఏమివ్వాలి? జడ్, వై వస్తువుల మీద ఎస్_డెవలప్ పూర్తిగా, స్టాండర్డ్ వస్తువులు చూడటం, డీబగ్ 02తో సహా, టేబుల్స్ చూడటం, క్రాష్‌లు, లాక్‌లు, ఆగిన అప్‌డేట్లు, ట్రేస్ చూసే ఎస్‌టీ22, ఎస్ఎం12, ఎస్ఎం13, ఎస్‌టీ05, తన జాబ్‌లు. ఎక్లిప్స్ అనే ఎడిటర్‌లో పనిచేస్తారు కాబట్టి ఎస్_ఏడీటీ_ఆర్ఈఎస్, దానికి కావలసిన ఎస్_ఆర్ఎఫ్‌సీ. ఇక్కడ పిసినారితనం చూపొద్దు. డెవ్‌లో చీటికీ మాటికీ అడ్డం పడుతుంటే వాళ్లు మేనేజర్ దగ్గరికి వెళ్తారు, మేనేజర్ ఆ విసుగులో ఎస్ఏపీ-ఆల్ ఇచ్చేయమంటాడు, మీరు గట్టిగా నిలబడాల్సిన చోట నిలబడలేకపోతారు.

క్వాలిటీ విషయం ప్రొడక్షన్ కాపీ తీశారా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. తీస్తే అది ప్రొడక్షన్ డేటాయే, పేరు మాత్రమే క్వాలిటీ. ఉద్యోగుల జీతాలు, పాన్, బ్యాంకు ఖాతాలు, కస్టమర్ ఫోన్ నంబర్లు స్క్రాంబుల్ చేయకుండా (గుర్తుపట్టలేనట్టు మార్చకుండా) పదిహేను మంది వెండర్ మనుషులకి తెరిచి ఉంచడం 2023 డేటా రక్షణ చట్టం తర్వాత చేయాల్సిన పని కాదు. భద్రతా చర్యలు తీసుకోకపోతే ₹250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చని ఆ చట్టం షెడ్యూల్‌లో ఉంది. స్క్రాంబుల్ చేసిన క్వాలిటీలో డీబగ్ 02 ఇచ్చినా నాకు పెద్ద అభ్యంతరం లేదు. స్క్రాంబుల్ చేయకపోతే ప్రొడక్షన్ లెక్కే వర్తిస్తుంది. ప్రొడక్షన్ కాపీతో రిఫ్రెష్ అయిన ప్రతిసారీ ఆర్ఎఫ్‌సీలు, జాబ్‌లు, యూజర్లు సరిచూసుకోవడం మీ బేసిస్ చెక్‌లిస్ట్‌లో ఎలాగూ ఉంటుంది.

ఇన్ని వద్దన్నాక, రాత్రి పదకొండింటికి డిస్పాచ్ ఆగితే ఎలా? ఈ ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేకపోతే పైన రాసిందేదీ నిలవదు. ఫైర్‌ఫైటర్ ఐడీ పెట్టండి. ఎస్ఏపీ వాళ్ల జీఆర్‌సీ (యాక్సెస్ నియంత్రించే సాఫ్ట్‌వేర్) లైసెన్స్ ఉంటే అందులోనే ఉంది, మనిషి తన ఐడీతో వచ్చి, కారణం రాసి, ఫైర్‌ఫైటర్ ఐడీలోకి వెళ్తాడు, చేసిందంతా లాగ్ అయి దాన్ని చదివి ఆమోదించే కంట్రోలర్‌కి వెళ్తుంది. జీఆర్‌సీ కొనే స్తోమత లేని కంపెనీలు కూడా దీన్ని చేతితో నడపొచ్చు: లాక్ చేసి ఉంచిన ఐడీ ఒకటి, టికెట్ నంబర్ వచ్చాక అన్‌లాక్, పనయ్యాక లాక్ చేసి పాస్‌వర్డ్ మార్చడం, ఆ ఐడీకి ఆర్ఎస్ఏయూ_కాన్ఫిగ్‌లో పూర్తి ఆడిట్ లాగ్. రెండు జాగ్రత్తలు మాత్రం తప్పవు. ఒకటి, అనుమతి ఇచ్చే మనిషి ఆ వేళకి ఫోన్ ఎత్తాలి. గంటసేపు ఆగాల్సి వస్తే మర్నాటి నుంచి అందరూ శాశ్వత యాక్సెస్ అడుగుతారు, అలా అడగడంలో తప్పు కూడా లేదు. రెండు, ఫైర్‌ఫైటర్ ఐడీకి ఎస్ఏపీ-ఆల్ ఇవ్వొద్దు. ఫైనాన్స్‌కి ఒకటి, లాజిస్టిక్స్‌కి ఒకటి, అబాప్‌కి ఒకటి విడివిడిగా పెట్టండి. అప్పుడు లాగ్ చిన్నదిగా ఉంటుంది, చదివేవాడు నిజంగా చదువుతాడు. నెలకి ఒకసారి వందల పేజీలు ఒక్క క్లిక్‌తో అప్రూవ్ చేసే కంట్రోలర్లని ఆడిటర్లు ఇట్టే పట్టేస్తారు, అన్ని అప్రూవల్స్‌కీ ఒకే నిమిషం పడి ఉంటుంది.

మీరు అడగని సంగతి ఒకటుంది. డెవలపర్‌కి ఇచ్చే యాక్సెస్ ఎంత ముఖ్యమో, డెవలపర్ తన కోడ్ ద్వారా ఇతరులకి ఇచ్చే యాక్సెస్ కూడా అంతే ముఖ్యం. జడ్ రిపోర్ట్ రాసి అందులో అథారిటీ-చెక్ పెట్టడం మరిచిపోతే, అంబత్తూరు స్టోర్స్ గుమస్తా అన్ని ప్లాంట్ల కొనుగోలు ధరలూ చూస్తాడు. మీరు రోల్‌లో ప్లాంట్ ఎంత కట్టుదిట్టంగా కట్టినా ఆ రిపోర్ట్ పట్టించుకోదు. ఇంకో రకం కోడ్ ఉంది: ‘సై-యూనేమ్ (లాగిన్ అయిన మనిషి ఐడీ) ఫలానా అయితే చెక్ దాటెయ్’ అని రాసి ఉంటుంది. టెస్టింగ్ కోసం పెట్టానంటారు, తీయడం మర్చిపోతారు. ఆ మనిషి ఉద్యోగం మానేసిన తర్వాత కూడా ఆ ఐడీ కోడ్‌లో అలాగే ఉంటుంది. మీ జడ్ ప్రోగ్రామ్స్ అన్నింటిలో సై-యూనేమ్ కోసం ఒక మధ్యాహ్నం వెతికించండి. అన్నీ తప్పులు కావు, కొన్ని లాగ్ కోసమే ఉంటాయి, కానీ కోట్స్‌లో మనిషి ఐడీ కనిపిస్తే ఆ డెవలపర్‌ని పిలవండి.

మేనేజర్ దగ్గర సెక్యూరిటీ భాష మాట్లాడకండి, వినరు. ఆయనకి పట్టే విషయాలు రెండు. మొదటిది డబ్బు. మీది ఎఫ్‌యూఈ (ఫుల్ యూజ్ ఈక్వివలెంట్, ఎస్ఏపీ యూజర్ లైసెన్స్‌ల కొలమానం) లెక్కన కొన్న లైసెన్స్ అయితే ఒక డెవలపర్ యూజర్ రెండు ఎఫ్‌యూఈలకి సమానం, అదే ఒక్క ఎఫ్‌యూఈలో ముప్పై మంది సెల్ఫ్-సర్వీస్ యూజర్లు ఇమిడిపోతారు. వాడకాన్ని కాక, ఇచ్చిన ఆథరైజేషన్‌ని బట్టి వర్గం నిర్ణయించే పద్ధతి మీ కాంట్రాక్ట్‌లో ఉంటే, ఊరికే ఇచ్చిన ఎస్_డెవలప్‌కి కూడా బిల్లు పడుతుంది. కాంట్రాక్ట్ ఒకసారి తీయించి చూపించండి. రెండోది చట్టం. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పుకీ ఆడిట్ ట్రెయిల్ (ఏ మార్పు ఎప్పుడు జరిగిందో చెప్పే రికార్డు) ఉండాలి, దాన్ని ఆపేసే వీలుండకూడదు. ఆడిటర్ తన రిపోర్ట్‌లో దీని గురించి విడిగా రాయాలి. డీబగ్‌లోనో, నేరుగా హానా డేటాబేస్‌లోనో మార్చిన ఎంట్రీకి అప్లికేషన్‌లో ఛేంజ్ డాక్యుమెంట్ పడదు. అందుకే ఇప్పుడు ఆడిటర్లు డేటాబేస్ స్థాయి యాక్సెస్ గురించి కూడా అడుగుతున్నారు. హానాలో ‘సిస్టమ్’ అనే సర్వాధికార యూజర్ పాస్‌వర్డ్ డెవలపర్లలో ఎవరికైనా తెలుసా అని ఈరోజే కనుక్కోండి. ఆడిటర్ ప్రతికూలంగా రాస్తే సమాధానం చెప్పాల్సింది మేనేజర్ కాదు, సీఎఫ్ఓ. ఈ మాట మాత్రం మెల్లగా చెప్పండి.

వెండర్ మనుషుల గురించి. ‘అబాప్01’ లాంటి ఉమ్మడి ఐడీలుంటే రద్దు చేయండి, మనిషికొక ఐడీ, దానికి కాంట్రాక్ట్ ముగిసే తేదీయే వాలిడిటీ. షోళింగనల్లూరు మీదుగా పోయే ఓఎంఆర్ రోడ్డు వెంట ఉన్న ఎస్ఏపీ టీమ్‌లలో మన తెలుగువాళ్లు బాగానే ఉంటారు. టీ తాగుతూ ‘అన్నా, మనలో మాట, ఒక్క పది నిమిషాలు ఇవ్వు, పని చూసుకుని చెబుతా’ అంటారు. ఊరివాడు, మొహమాటం. ఇవ్వాల్సి వచ్చినా రోల్ అసైన్‌మెంట్‌లో ఈరోజు తేదీయే ముగింపుగా పెట్టి ఇవ్వండి, తీయడం గుర్తుంచుకోవాల్సిన పని ఉండదు. వాట్సాప్‌లో అడిగినదానికి ‘టికెట్ వేసి నంబర్ పంపు’ అని రోజూ అదే జవాబు కాపీ చేసి పెట్టండి. మొదటి నెల చెడ్డవాళ్లవుతారు, తర్వాత అడగడం మానేస్తారు.

పని మొదలుపెట్టే పద్ధతి. ముందు ఎవరికి ఏ హక్కుందో చూపే ఎస్‌యూఐఎంలో మూడు జాబితాలు తీయండి: ప్రొడక్షన్‌లో ఎస్ఏపీ-ఆల్ ఎవరికుంది, ఎస్_డెవలప్ డీబగ్ 02 ఎవరికుంది, ఎస్_బీటీసీహెచ్_నామ్ స్టార్ ఎవరికుంది. ఆర్ఎస్‌యూఎస్ఆర్003 కూడా నడపండి, సిస్టమ్‌తో పాటే వచ్చే ఎస్ఏపీ*, డీడీఐసీ యూజర్ల పాస్‌వర్డ్‌లు ఇంకా పాతవేనేమో తెలుస్తుంది. డెవలపర్ల రోల్ కోసం ఎస్‌టీ03ఎన్‌లో ఇన్నాళ్లుగా వాళ్లు నిజంగా వాడిన టీకోడ్లు తీసుకోండి. అడిగిన లిస్టుకీ వాడిన లిస్టుకీ ఉండే తేడా చూస్తే నవ్వొస్తుంది. ఆ లిస్టుతో మెనూ కట్టి, అనుమతి తనిఖీలన్నీ నమోదు చేసే ఎస్‌టీఏయూటీహెచ్‌ట్రేస్ పెట్టి, ఒక డెవలపర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని రోజంతా పని చేయించండి. ఎస్‌యూ53 స్క్రీన్‌షాట్ పంపగానే అందులో ఉన్నది కలిపేయకండి. అది చాలాసార్లు చివర ఫెయిల్ అయిన చెక్‌ని చూపిస్తుంది, పని ఆపిన చెక్ అదే కానక్కర్లేదు. పీఎఫ్‌సీజీలో చేత్తో ఆబ్జెక్ట్ కలపడం కన్నా ఏ టీకోడ్‌కి ఏ ఆబ్జెక్టులు కావాలో రాసి ఉండే ఎస్‌యూ24లో సరిచేయడం మంచిది, మూడేళ్ల తర్వాత ఆ రోల్ తెరిచేవాడు ఏది ఎందుకుందో తెలుసుకోగలుగుతాడు.

ఆడిట్ లోపు అన్నీ కావు. వరస నన్నడిగితే మొదట ప్రొడక్షన్‌లో డీబగ్ 02, తర్వాత డెవ్ నుంచి ప్రొడక్షన్‌కి ఉన్న ఆర్ఎఫ్‌సీలు, ఆ తర్వాత ఇంపోర్ట్ హక్కు, ఆ తర్వాతే డెవ్‌లో ఎస్ఏపీ-ఆల్. ఫైర్‌ఫైటర్ మాత్రం మొదటి రోజే సిద్ధంగా ఉండాలి, 02 తీసేసిన రాత్రే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఆర్ఎఫ్‌సీ యూజర్ల దగ్గర తొందరపడొద్దు. డైలాగ్ నుంచి సిస్టమ్ టైప్‌కి (మనిషి స్క్రీన్‌లోకి లాగిన్ కాలేని రకానికి) మార్చడం వల్ల సాధారణంగా ఇంటర్‌ఫేస్ ఆగదు, హక్కులు కత్తిరిస్తే ఆగుతుంది. కాబట్టి ఈ వారం టైప్ మాత్రం మార్చండి. ఆ యూజర్ ఏ ఫంక్షన్ మాడ్యూల్స్ పిలుస్తున్నాడో ఒక నెలాఖరు క్లోజింగ్ దాటేదాకా ట్రేస్‌లో పట్టి, ఎస్_ఆర్ఎఫ్‌సీ దాన్నిబట్టి రాయండి. నెలాఖరు దాటకుండా కత్తిరిస్తే, నెలకొక్కసారే నడిచే బ్యాంకు ఫైల్ ఇంటర్‌ఫేస్ సరిగ్గా జీతాల రోజున ఆగుతుంది.